రెండు సుడుల తల

శనివారం తలంటు. ఏలూరులో ఆ ఆడపిల్లల బోర్డింగుకి ఆదివారం ఆరాధన ఎంత కచ్చితమో శనివారం తలంటూ అంతే కచ్చితం. వాన కురుస్తున్నా, పరీక్షలు జరుగుతున్నా, ప్రిన్సిపాల్ దొరసానమ్మ జ్వరంతో పడుకున్నా, పొద్దున్నే బావి పక్కన పొయ్యి వెలిగేది. పొయ్యి మీద కాగు. కాగులో కుంకుడు రసం. పక్కన పీట వేసుకుని మేట్రన్ రాజ్యం కూర్చునేది. పిల్లలు జుట్లు విరబోసుకుని ఒకరి తరవాత ఒకరు వచ్చి ఆమె ముందు వీపు పెట్టి కూర్చునేవారు.

ఆ పీట మీదికి వచ్చేనాటికి రాజ్యానికి పాతికేళ్ళు లేవు. కలిదిండి ఆమె ఊరు. పెళ్ళయిన మరుసటేడే మొగుడు కలరాతో పోయాడు. అన్న దేవసహాయం చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చి, "వంట బాగా చేస్తుందండీ, చెప్పినట్టు వింటుందండీ" అని అప్పటి దొరసానమ్మకి అప్పగించి వెళ్ళాడు. రెండూ నిజం కాదు. వంట అంతంతమాత్రం. చెప్పినట్టు వినడం అసలే లేదు. కాని కొత్తగా చేరిన పిల్ల ఇంటి మీద బెంగతో ఏడుస్తుంటే రాజ్యం ఓదార్చేది కాదు. దగ్గర కూర్చోబెట్టుకుని తలలో పేలు చూసేది. పేలు చూస్తున్నంతసేపూ ఏ పిల్లా ఏడవలేదు. దొరసానమ్మ అది కనిపెట్టి ఆమెని వంటింట్లోంచి తీసి మేట్రన్ని చేసింది. వంట రుచి కూడా అప్పణ్ణించే బాగుపడిందని పాత టీచర్లు చెప్పుకునేవారు.

ఇప్పుడామెకి అరవై దగ్గర పడుతోంది. ఆ దొరసానమ్మ తరవాత వచ్చిన దొరసానమ్మ కూడా ఆ వేసవిలో సీమకి వెళ్ళిపోయింది. ఆమె స్థానంలో మొదటిసారి తెలుగావిడ ప్రిన్సిపాల్‌గా వస్తోంది. దేశానికి స్వరాజ్యం వచ్చి ఏడేళ్ళయింది, బోర్డింగుకి ఇప్పుడు వస్తోందని పాస్టరు మత్తయిగారు ప్రసంగంలో అన్నారు. వచ్చే ఆవిడ పేరు మిస్ నిత్యానందం, ఎం.ఎ., ఉద్యోగం రాజమండ్రిలో. సోమవారం మధ్యాహ్నం రైలుకి దిగుతుంది. ఇంతకుమించి ఎవరికీ ఏమీ తెలీదు. మామిడాకుల తోరణాలూ, స్వాగతగీతం ప్రాక్టీసూ మొదలయ్యాయి. బోర్డింగంతా సంబరంగా ఉంది.

రాజ్యం గుండెల్లో మాత్రం రాయి పడింది. ఆమెకి కళ్ళు కనపడడం లేదు.

పూర్తిగా చీకటి కాదు. పాల మీద మీగడ కట్టినట్టు లోకం మీద ఏదో కట్టింది. ఎండా నీడా తెలుస్తాయి. తెల్లటివి తెలుస్తాయి. మనిషి వస్తున్నట్టు తెలుస్తుంది, ఎవరో తెలీదు. "ఇన్ని తలలు అంటితే ఆ కుంకుడు రసం నా కళ్ళలో చిందకుండా ఉంటుందా" అని ఆమె తనకి తాను చెప్పుకుంది. ఆస్పత్రి నర్సమ్మ ఒకసారి టార్చి వేసి చూసి, "శుక్లాలమ్మా, ఆపరేషన్ చేస్తే పోతాయి" అంది. ఆ తరవాత రాజ్యం ఆ నర్సమ్మ ఉన్న వేపు వెళ్ళలేదు. చిన్నప్పుడు కలిదిండిలో ఊరూరూ తిరిగే కళ్ళవైద్యుడొకడు వాళ్ళమ్మ కంట్లో సూది పెట్టాడు. అమ్మ మూడు రోజులు అందర్నీ చూసి మురిసిపోయింది. నాలుగో రోజు నుంచి ఆ కన్ను మరి లేదు. వాడూ లేడు.

పని చేయలేని పాతవాళ్ళని కొత్త ప్రిన్సిపాల్ చూసుకుని ఇళ్ళకి పంపించెయ్యాలని బోర్డింగు కమిటీలో మాట్లాడుకున్నారు. మత్తయిగారు ఆ మాట రాజ్యం దగ్గరే నోరుజారి, "మీ గురించి కాదులెండి" అని కూడా అన్నారు. దాంతో అది తన గురించే అని ఆమెకి తెలిసిపోయింది.

పంపిస్తే అన్న ఇంటికే. దేవసహాయం మంచివాడు. వదిన అంతకన్నా మంచిది. వసారాలో నులకమంచం వేస్తారు. వేళకి అన్నం పెడతారు. "నువ్వేం ముట్టుకోకు వదినా, కూర్చో" అంటుంది ఆవిడ. అదే ఆమెకి భయం. ముట్టుకోవడానికి ఒక్క తల కూడా ఉండదు.

ఆమె సంగతి బోర్డింగులో పెద్దవాళ్ళెవరికీ తెలీదు. పిల్లలందరికీ తెలుసు. సూదిలో దారం ఎక్కించేవాళ్ళూ, మెట్టు వస్తే "అక్కగారూ, మెట్టు" అని గొణిగేవాళ్ళూ, ఎదురుగా వచ్చేదెవరో చెవిలో చెప్పేవాళ్ళూ. వాళ్ళలో పెద్దది మంగ. కొల్లేటి లంక పిల్ల. వాళ్ళ నాన్న పెద్దింటయ్య బోర్డింగుకి వారం వారం చేపలు తెచ్చేవాడు. ఇంట్లో పెద్దింట్లమ్మకి మొక్కినా, బోర్డింగులో చేరాక మంగ కీర్తనలు అందరికన్నా గట్టిగా పాడేది.

వేసవి సెలవులకి ముందు ఒక సంగతి జరిగింది. దొరసానమ్మ గౌను తీగ మీద ఆరేసి ఉంది. గాలికి చేతులు ఊగుతున్నాయి. రాజ్యం ఆగి, చేతులు జోడించి, "గుడ్ మార్నింగ్ అమ్మగారూ, ఈవేళ పప్పులోకి తోటకూర వెయ్యమంటారా?" అని అడిగింది. గౌను ఏమీ అనలేదు. "సరేనండీ" అని రాజ్యం వెళ్ళిపోయింది. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. తరవాత మంగ అంది, "నవ్వడం కాదే. కొత్తావిడ ముందు ఇలా చేస్తే అక్కగారిని ఉండనిస్తారా?"

ఎందుకంటే కొత్తావిడ ముందు దాటాల్సిన గండం ఒకటుంది. అది ఆ బోర్డింగు ఆనవాయితీ. కొత్త ప్రిన్సిపాల్ వచ్చిన రోజున మేట్రన్ తాళాల గుత్తి పట్టుకుని, అందరూ చూస్తుండగా, భోజనాల హాలు నుంచి ఆరాధన జరిగే గుడి మెట్ల దాకా ఒక్కతే నడిచి వెళ్ళి గుత్తి ఆవిడ చేతికిస్తుంది. ఆవిడ దాన్ని ఒక్క క్షణం ఉంచుకుని, "మీ దగ్గరే ఉండనివ్వండి" అని తిరిగిస్తుంది. తిరిగిస్తే మేట్రన్ ఉన్నట్టు. తిరిగివ్వకపోతే లేనట్టు. మొన్న వెళ్ళిన దొరసానమ్మ వచ్చినప్పుడు అలాగే ఇచ్చింది, అలాగే తీసుకుంది రాజ్యం.

పిల్లలు రిహార్సలు పెట్టారు. హాలు గుమ్మం నుంచి గుడి మెట్ల దాకా సున్నంతో తెల్లటి గీత గీశారు. అడిగినవాళ్ళకి అలంకారం అని చెప్పారు. మంగ మెట్ల పక్కన నిలబడుతుంది. ప్రిన్సిపాల్ సరిగ్గా ఎదురుగా ఉన్నప్పుడు ఒకసారి దగ్గుతుంది. అప్పుడు గుత్తి చాచాలి. ప్రిన్సిపాల్ వేషానికి మనిషి కావాల్సి వచ్చింది. శుక్రవారం చేపల బుట్టతో వచ్చిన పెద్దింటయ్యని తీసుకెళ్ళి మెట్ల మీద నిలబెట్టారు.

"ఏం చెయ్యాలంటారు?"

"ఏం చెయ్యక్కర్లేదు నాన్నా. ప్రిన్సిపాల్‌లా నిలబడు."

పెద్దింటయ్య ప్రిన్సిపాల్‌లా నిలబడ్డాడు. అంటే నడుం మీద చెయ్యి వేసుకుని ఆకాశం వేపు చూశాడు. రాజ్యం గీత వెంట నడిచి వచ్చింది. మంగ దగ్గింది. రాజ్యం వినయంగా వంగి గుత్తి చాచి, "దయచేయండి అమ్మగారూ, మీకు స్వాగతం" అంది.

"నాకెందుకండీ తాళాలు? మా ఇంటికి తలుపే లేదు" అన్నాడు పెద్దింటయ్య.

"నాన్నా! మీ దగ్గరే ఉండనివ్వండి అనాలి!"

"ఉండనివ్వండి తల్లీ. చేపలు కూడా ఉండనివ్వండి. కొరమేనులు, బతికే ఉన్నాయి."

రాజ్యం బుట్టలో చెయ్యి పెట్టి తడిమి, "రెండు కొరమేనులు, మిగతావి జెల్లలు. నాతోనా ఆటలు?" అంది. పెద్దింటయ్య చెవులు పట్టుకున్నాడు. అందరూ నవ్వారు. రాజ్యానికి కాస్త ధైర్యం వచ్చింది.

మర్నాడు శనివారం.

పిల్లల తలలన్నీ అయిపోయాయనుకుని రాజ్యం చేతులు కడుక్కోబోతోంది. ఎదురుగా ఇంకెవరో వచ్చి వీపు పెట్టి కూర్చున్నారు.

"ఎవరే?"

తల కాస్త ముందుకి వంగింది, అంతే.

"మాట్లాడవేం? నోట్లో పాలకోవా పెట్టుకున్నావా?"

చుట్టూ పిల్లలు కిసుక్కుమన్నారు. రాజ్యం చేతులు చాచింది. తగిలింది చిన్నపిల్ల తల కాదు. ముడి, ముడిలో పిన్నులు. మెడ మీద ప్రయాణపు దుమ్ము.

"పెద్దమనిషివే. కొత్త కుట్టు టీచరువా? ఎప్పుడొచ్చావమ్మా?"

"ఇప్పుడే. తాడేపల్లిగూడెంలో మా అక్క ఇంట్లో దిగి, అక్కణ్ణించి బస్సులో వచ్చాను."

"బస్సులో వచ్చినదానివి కాళ్ళు కడుక్కుని కాఫీ తాగు. తలంటెందుకు?"

"వరస కనిపించింది. కూర్చున్నాను."

ఆ జవాబు రాజ్యానికి నచ్చింది. పిన్నులు తీసి ముడి విప్పింది. గిన్నెలోంచి గోరువెచ్చని నువ్వులనూనె చేతిలో పోసుకుని నడినెత్తిన పెట్టింది. వేళ్ళు వాటి దారిన అవి పోతున్నాయి. నడినెత్తి దగ్గర ఒక సుడి. దాని పక్కనే ఇంకొకటి. వేళ్ళు ఆగాయి. మెల్లిగా ఎడమ చెవి వెనక్కి వెళ్ళాయి. అక్కడ వంకీ తిరిగిన పాత కుట్టు మచ్చ.

"ఏమే దయామణీ!" అంది రాజ్యం.

"గుర్తున్నానా అక్కా?"

"తల గుర్తుంది. దాని కిందున్న నువ్వు తరవాత గుర్తొచ్చావు. జామచెట్టు మీంచి పడ్డ తల ఇది. డాక్టరు కుట్లు వేస్తుంటే పట్టుకున్నది నేనే కదూ?"

"కదిలావంటే చెవి మెలేస్తానన్నారు."

"కదల్లేదుగా మరి. తణుకు మాస్టారి కూతురివి. ఇన్నేళ్ళూ ఎక్కడ చచ్చావే? ఒక్కసారి కనపడ్డావా?" రాజ్యం ఆ తలని ఒక్క మొట్టికాయ మొట్టింది. పిల్లలకి మళ్ళీ నవ్వొచ్చింది. "రెండు సుడులున్నాయి, ఇద్దరు మొగుళ్ళొస్తారని అందరూ నిన్ను ఏడిపించేవారు. వచ్చారా?"

"ఒక్కడూ రాలేదక్కా."

"సుడికొకడు రావాలే!"

"దారి తప్పుంటారు."

"పోనీలే. ఇద్దరికి వండి పెట్టే బాధ తప్పింది. ఏం చేస్తున్నావు?"

"పిల్లలకి చదువు చెబుతున్నాను."

"మంచి పని. కళ్ళు మూసుకో, రసం పోస్తున్నా."

రాజ్యం రసం పోసి రుద్దడం మొదలుపెట్టింది. నురగ వచ్చింది. చేతుల కింద పాత తల దొరికిన సంతోషానికి ఆమె నోరు కూడా తెరుచుకుంది. తల అంటుతుంటే మాటలు రావడం ఆమెకి మొదటినుంచీ అలవాటు.

"దయా, నీకు చెబితే ఏం? నువ్వు మన పిల్లవే. నాకు కళ్ళు కనపడ్డం లేదే."

చేతుల కింద తల కొంచెం కదిలింది.

"కదలకు. ఎవరికీ తెలీదు. ఎల్లుండి కొత్త ప్రిన్సిపాల్ దిగుతుంది. నిత్యానందమట. ఎం.ఎ. అట. ఎలాంటి మనిషో ఏమో. తాళాలిచ్చేటప్పుడు ఆవిడ ముందు నేను తడుముకుంటే నన్ను కలిదిండి బండి ఎక్కిస్తుంది. అందుకని మా పిల్లలు..."

ఇంతలో పెద్ద దగ్గు వినిపించింది.

జట్కావాడు వసారాలో దించి వెళ్ళిన ట్రంకుపెట్టె ముందు మంగ నిలబడి ఉంది. పెట్టె మీద తెల్ల రంగుతో ఇంగ్లీషు అక్షరాలున్నాయి. మిస్ డి. నిత్యానందం. మంగ రెండుసార్లు చదివింది. తరవాత దగ్గింది.

"అందుకని మా పిల్లలు సున్నంతో గీత గీశారు. తెల్లది నాకు కనపడుతుంది..."

మంగ మళ్ళీ దగ్గింది.

"ఆవిడ ఎదురుగా ఉంటే మంగ దగ్గుతుంది. నేను గుత్తి చాస్తాను. నిన్న పెద్దింటయ్యని పెట్టి రిహార్సలు కూడా..."

మంగ దగ్గు ఆగడం లేదు. పక్కనున్న ఇద్దరు పిల్లలు కూడా పెట్టె వేపు చూసి దగ్గడం మొదలుపెట్టారు.

"చూశావా? తడి తలలతో గాలికి తిరుగుతారు. మంగా! ఇలా రా, వీపు మీద ఆముదం రాస్తాను."

"అక్కగారూ..."

"దగ్గుతూ మాట్లాడకు. పొలమారుతుంది."

మంగ ఏడుపు మొహం పెట్టింది. ఆ మొహం రాజ్యానికి కనపడదు. దయామణి కళ్ళు మూసుకుని ఉంది. అయినా ఆమె భుజాలు నవ్వుతో అదురుతున్నాయి.

అప్పుడే ఇంకొకటి జరిగింది. ఒకటో క్లాసు పిల్ల ఒకతి చెంబు పట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. అందరూ మంగ వేపు చూస్తున్నారు. పిల్ల మునివేళ్ళ మీద లేచి, కాగు అంచు పట్టుకోబోయింది. చెంబు రాయికి తగిలి చప్పుడైంది. దయామణి కళ్ళు తెరిచింది. నురగ కారుతున్న తలతో ఒక్క అంగలో వెళ్ళి పిల్లని ఎత్తుకుంది. చెంబు కాగులో పడి రసం చింది పొయ్యి చుయ్యిమంది.

"ప్రిన్సిపాల్ అమ్మగారూ, కళ్ళు! కళ్ళు మూసుకోండి!" అని అరిచింది మంగ.

రాజ్యం పీట మీద అలాగే కూర్చుంది. చేతుల నిండా నురగ.

"ఎవరే ప్రిన్సిపాల్?"

"మీరు తలంటుతున్నావిడేనండీ" అంది మంగ.

రాజ్యం చేతులు జోడించింది. వేళ్ళ సందుల్లోంచి నురగ కారింది. "అమ్మగారూ... తెలియక..."

"ముందు నీళ్ళు పొయ్యండక్కా. కళ్ళు భగ్గుమంటున్నాయి" అంది దయామణి, వచ్చి మళ్ళీ వీపు పెట్టి కూర్చుంటూ.

రాజ్యం నీళ్ళు పోసింది. మంగ తువ్వాలు అందించింది. పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు. దయామణి జుట్టు పిండుకుని పీట ఎదురుగా తిరిగి కూర్చుంది.

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా మీరు?" అంది రాజ్యం. ఆ 'మీరు' ఆమె నోట్లోంచి కొత్త చెప్పులా కిర్రుమని వచ్చింది.

"సోమవారం వస్తే ప్రిన్సిపాల్‌గా రావాలి. శనివారం వస్తే తలంటుకి రావచ్చుననుకున్నాను." దయామణి కాగు వేపు చూసింది. "ఆ పిల్ల కాగు దగ్గరికి వెళ్ళడం మీకు కనపడిందా?"

రాజ్యం తల అడ్డంగా ఊపింది.

"నాకూ కనపడలేదు. చెంబు చప్పుడైంది. అవకపోతే?"

"చప్పుడు నేనూ విన్నాను." రాజ్యం గొంతు తగ్గింది. "విన్నాను. ఏ మూలో తెలీలేదు."

"సోమవారం తాళాలు తిరిగివ్వలేనక్కా. మీరు గీత మీద ఎంత చక్కగా నడిచినా సరే. కళ్ళు కనపడని మేట్రన్ చేతిలో ఈ పిల్లల్ని పెట్టలేను."

"అయితే కలిదిండేనా?"

"ఆస్పత్రి. అది శుక్లమైతే తీసేస్తారు."

"మా అమ్మ కన్ను తీసేశారు" అంది రాజ్యం.

"అది దేశదిమ్మరి చేసిన పని. వీళ్ళు డాక్టర్లు."

"వాడూ డాక్టర్నే అన్నాడు."

దయామణి వాదించలేదు. "సోమవారం దాకా ఆలోచించండి. మీ సంగతి కమిటీకి మీరు చెబుతారా, నేను చెప్పనా, అది కూడా మీ ఇష్టం. దాచడం మాత్రం నా వల్ల కాదు." లేచి, జుట్టు ఆరబెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఆదివారం గుడిలో రాజ్యం ప్రసంగం వినలేదు. ముందు వరసలో చిన్నపిల్లలు కూర్చున్నారు. ఎవరు కదులుతున్నారో, ఎవరు పక్కదాన్ని గిల్లుతున్నారో ఒకప్పుడు ఆమె వెనక నుంచే చూసి వేలు చూపించేది. ఇప్పుడు ముందంతా ఒకే తెల్లటి మబ్బు. ఆ మబ్బులోకి ఒక చెంబు పట్టుకుని ఒక పిల్ల నడిచి వెళ్ళింది. నిన్న చెంబు రాయికి తగిలింది కాబట్టి సరిపోయింది.

ఆమె అమ్మ కన్ను గురించి ఆలోచించింది. వసారాలో నులకమంచం గురించి ఆలోచించింది. కీర్తనకి అందరూ లేచి నిలబడితే ఆమె కూర్చునే ఉండిపోయింది. మంగ భుజం తట్టి లేపింది.

సోమవారం తెల్లారుతూనే కొల్లేటి మీంచి వాన వచ్చింది. తోరణాలు తడిశాయి. సున్నం గీత పాలలా కారి కాలవలో కలిసిపోయింది. మధ్యాహ్నానికి వాన వెలిసింది కాని మళ్ళీ గీయడానికి వేళ లేకపోయింది. పాస్టరుగారూ, కమిటీ పెద్దలూ వచ్చేశారు. రాజమండ్రి రైలు వచ్చి వెళ్ళిపోయింది, ప్రిన్సిపాల్‌గారు దిగలేదని స్టేషనుకి వెళ్ళిన మనిషి పరిగెత్తుకుంటూ వచ్చాడు. శనివారం నుంచీ బయట కనపడని ప్రిన్సిపాల్‌గారు బోర్డింగు ఆవరణలోని తన ఇంట్లోంచే తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి గుడి మెట్ల మీద నిలబడింది. మత్తయిగారు ఆవిణ్ణీ, స్టేషను దారినీ మార్చి మార్చి చూసి, చేతిలోని దండ ఆవిడ మెళ్ళో వేశారు.

స్వాగతగీతం అయింది. హాలు గుమ్మంలో రాజ్యం కనపడింది. ఉతికిన తెల్లచీర, చేతిలో తాళాల గుత్తి.

ఆమె గీత కోసం చూసింది. గీత లేదు. నేలంతా ఒకటే మెరుపు. గుమ్మం దిగి నాలుగడుగులు వేసింది. మెట్లు కుడివేపా ఎడమవేపా తెలియలేదు. ఆగింది.

మంగ దగ్గింది. దూరం కదా, సరిగా వినపడలేదేమోనని పక్కనున్న పిల్ల కూడా దగ్గింది. తరవాత వరసంతా దగ్గింది. కమిటీ పెద్దలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "పిల్లలకి కోరింతదగ్గు పట్టుకుందా ఏమిటండీ?" అన్నారు మత్తయిగారు.

రాజ్యం ఆ దగ్గులన్నీ వింది. అవి ఎటునుంచి వస్తున్నాయో పట్టుకుని నడవగలదు. గుత్తి అందించగలదు. ఎవరికీ తెలీదు. ఆమె నవ్వింది.

"ఇంక చాలు ఆపండే" అంది గట్టిగా. దగ్గులు ఆగాయి. "పాస్టరుగారూ, నాకు కళ్ళు కనపడవండీ. మూడేళ్ళయింది. పిల్లల తప్పు లేదు, నేనే దాచాను. ఇప్పుడు ప్రిన్సిపాల్‌గారు ఎక్కడున్నారో కూడా నాకు తెలీదు. తాళాలు ఎవరైనా తీసుకోండి."

ఎవరూ కదల్లేదు. దయామణి మెట్లు దిగి, బురదలో నడిచి, రాజ్యం ఎదురుగా వచ్చి నిలబడింది. గుత్తి తీసుకుంది. అందరూ చూస్తున్నారు. తిరిగివ్వలేదు. చీర చెంగున ముడేసుకుని బొడ్లో దోపుకుంది.

మంగ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇవి నా దగ్గరుంటాయి. ఆస్పత్రి నుంచి వచ్చి తీసుకోండి" అంది దయామణి. "రానంటే చెప్పండి, ఇప్పుడే కలిదిండికి కబురు పెడతాను."

"వస్తాను" అంది రాజ్యం. "ఒక షరతు. కత్తి పెట్టేటప్పుడు తల మీరు పట్టుకోవాలి. నర్సమ్మ కాదు."

"ఎవరి తల?" అన్నారు మత్తయిగారు అయోమయంగా.

"నా తలేనండీ. ఆవిడ తల నేను పట్టుకున్నాను కదా. బాకీ ఉంది."

కమిటీ పెద్దల్లో ఒకాయన ఏదో అనబోయాడు. దయామణి ఆయన వేపు తిరిగి, "మేట్రన్‌గారికి సెలవండీ. సెలవంటే తిరిగి వస్తారనే కదా" అంది. ఆయన ఔనన్నాడు.

ఆపరేషన్ దగ్గర దయామణి మాట నిలబెట్టుకుంది. డాక్టరు మొదట ఒప్పుకోలేదు, తరవాత ఒప్పుకున్నాడు. రాజ్యం బల్ల మీద పడుకుని పళ్ళు బిగించింది. చెవులకి రెండువేపులా రెండు చేతులు. "కదిలావంటే చెవి మెలేస్తాను" అని వినిపించింది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల తనని నువ్వు అనడం అదే మొదలు, అదే ఆఖరు. రాజ్యానికి నవ్వు వచ్చింది. నవ్వితే కదులుతానని ఆపుకుంది. ఆ ఆపుకోవడంలో పని అయిపోయింది.

తరవాత తల ఇటూ అటూ తిప్పకుండా రోజుల తరబడి వెల్లకిలా పడుకోవాల్సి వచ్చింది. అదే అన్నిటికన్నా కష్టమైంది. పెద్దింటయ్య కూతురితో చేపల పులుసు పంపించి, "కంటికి కొరమేను మంచిదని చెప్పు. ఈసారి నిజంగా కొరమేనే" అని చెప్పించాడు. దేవసహాయం కలిదిండి నుంచి వచ్చి, వసారాలో కొత్త మంచం నేయించానని చెప్పాడు. "పండక్కి వచ్చి పడుకుంటానన్నయ్యా" అంది రాజ్యం. కట్టు కింద నుంచే.

కట్టు విప్పి, మరికొన్నాళ్ళకి సోడాబుడ్డి అద్దాలు పెట్టారు. ఒక కంటికే అయింది, రెండోది వచ్చే వేసవికి. ఆ ఒక్క కంటితోనే రాజ్యం బోర్డింగు గేటు లోపలికి వచ్చి నిలబడి చుట్టూ చూసింది. గోడలకి సున్నం వేసి ఎన్నాళ్ళయిందని అడిగింది. భోజనాల హాల్లో సాలెగూళ్ళు చూపించింది. మంగ ఇంత పొడుగెప్పుడు అయిందని కోప్పడింది. సాయంత్రానికి తాళాల గుత్తి ఆమె నడుముకి ఉంది.

శనివారం వచ్చింది. పొయ్యి వెలిగింది. కాగు చుట్టూ ఇప్పుడు నడుమెత్తు ఇటుకల గోడ ఉంది. ప్రిన్సిపాల్‌గారు కట్టించింది. రాజ్యం పీట మీద కూర్చుంది. మొదటి పిల్ల వచ్చి కూర్చుంటే అద్దాల్లోంచి తల చూసింది. ఒక్కొక్క వెంట్రుకా తాడంత లావుగా కనపడి కంగారుపడింది. "దీంతో చూస్తే ఎవరి తలో తెలియడం లేదే" అని అద్దాలు తీసి మంగకి ఇచ్చింది. ఆ తరవాత చేతులు సాఫీగా సాగాయి.

చివర్లో ఒకరు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. రాజ్యం చెయ్యి వెయ్యబోయి ఆగింది. "మంగా, ఆ అద్దాలిలా తే ఒకసారి" అంది. పెట్టుకుని వంగి, రెండు సుడుల నడుమ పరీక్షగా చూసింది.

"అయ్యో, నెరిసిపోయిందే తల్లీ! నా చేతులకి ఈ సంగతి తెలియనే లేదు."

"ఆ మాట పిల్లల ముందు అనాలా అక్కా?" అంది దయామణి.

అలవాటు పోక మంగ దగ్గింది.

"చాల్లేవే," అంది రాజ్యం, నూనె గిన్నె దగ్గరికి లాక్కుంటూ. "కనపడుతోంది."